మచ్చు తూకంలోకి రాదు

ఇవాళ పొద్దున గోదావరి గట్టు మీద నాతో పాటు నడిచే ఒక పెద్దమనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆయన, ఉన్నట్టుండి నడక ఆపి జేబులోంచి ఫోను తీసి చూసుకుని, ఇంకా నలభై నిమిషాలుందండి అన్నాడు. దేనికండీ అంటే, తినడానికట. ఆయన కూతురు ఆ ఫోనులో ఏదో పెట్టి ఇచ్చిందట, రాత్రి తిన్నది మొదలు పదహారు గంటలు అది కాపలా కాస్తుందట, అది టింగుమన్నాకే ఈయన నోరు తెరవాలట. ఆకలి ఎంతుందో ఒకటి నుంచి పది దాకా వేలితో నొక్కి దానికి చెప్పుకోవాలి కూడానట. ఎంత నొక్కారండీ అన్నాను. తొమ్మిది అన్నాడు పాపం, గట్టు దిగువన పెసరట్లు పోస్తున్న బండి వైపు చూడకుండా ఉండడానికి మెడ బిగబట్టుకుని.

నేను నవ్వాను గానీ ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా నిలవలేదు. పదహారేళ్ళ కిందట నేనూ ఆకలితో బేరమాడినవాణ్ణే. అందం కోసం కాదు లెండి, నా అందం విషయంలో ఊరికి గానీ నాకు గానీ ఎప్పుడూ భ్రమలు లేవు. మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మనం పెరిగిన రోజుల్లో మనిషి ఒళ్ళు తగ్గాడంటే టైఫాయిడ్ వచ్చిందనో, ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనో అనుకుని జాలిపడేవాళ్ళు. వర్తకుడికైతే పొట్ట ఉండాల్సిందే, అది చూస్తేనే కొనేవాడికి ధైర్యం, ఈయన సరుకు ఈయనే తింటున్నాడు కాబట్టి మంచిదే అయి ఉంటుందని. ఆ లెక్కన మా కొట్టు సరుకుకి నన్ను మించిన ప్రకటన ఇంకోటి లేదు.

రాజమండ్రి బజారులో మాది బెల్లం, నెయ్యి, పప్పుల కొట్టు. తాతగారు పెట్టింది, నాన్నగారు పెంచింది, నేను కూర్చుని అరగదీసింది. మా అక్కా నేనూ బడి వదలగానే అక్కడికే వచ్చేవాళ్ళం, నాన్నగారు మాకు నేర్పిన మొదటి చదువు మచ్చు చూడడం. సరుకు మంచిచెడ్డలు తెలుసుకోవడానికి నోట్లో వేసుకునే చిటికెడునే మేం మచ్చు అంటాం. బెల్లం అచ్చు మూల విరిచి నాలిక మీద పెట్టుకుంటే ముందు ఉప్పదనం పట్టుకోవాలి, తరవాత పంటి కింద ఇసక పట్టుకోవాలి, తీపి సంగతి అన్నిటికన్నా ఆఖర్న. నెయ్యి చేతి వెనక రాసుకుని వాసన చూసి అప్పుడు నాలికకి అందించాలి. జీడిపప్పు కొరికితే టప్పుమనాలి, మెత్తగా ఒంగిందంటే చెమ్మ తగిలినట్టు. కందిపప్పు పచ్చిదే నమలాలి. ఈ విద్యలో అక్క నాకంటే ఎంతో ముందుండేది, కళ్ళు మూసుకుని ముక్క చప్పరించి ఇది అనకాపల్లిది, ఇది కాదు అని చెప్పేసేది.

ఈ విద్యకి తోడు నాన్నగారి దగ్గర ఒక శాసనం ఉండేది. మచ్చు తూకంలోకి రాదు అనేవారు. కొనేవాడికి రుచికి పెట్టినది అతని తూకంలోంచి తగ్గించకూడదు, అది ఒక అర్థం. మనం రుచి చూసింది తిండి కింద రాదు, అది పని, ఇది రెండో అర్థం. అందుకే ఏకాదశి ఉపవాసం నాడు కూడా ఆయన దర్జాగా బెల్లం నాలిక మీద వేసుకునేవారు. ఉపవాసం చెడదా అని అమ్మ ఒకసారి అడిగితే, “డాక్టరు రోగి చెయ్యి పట్టుకుంటే సరసమవుతుందా?” అన్నారు. ఆ మాట నా ఒంట్లోకి ఎంత లోతుగా ఇంకిందో నలభై ఏడో ఏట గానీ నాకు తెలియలేదు.

అప్పటికి అక్కకి యాభై ఒకటి. అత్తవారు తునిలో. రక్తపోటుని పట్టించుకోక పట్టించుకోక, కాళ్ళు పొంగితే ఎండలకేమో అనుకుని, చివరికి చూపించుకునేసరికి రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. వారానికి రెండుసార్లు బావ ఆవిణ్ణి కాకినాడ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవాడు. రోజుకి ముప్పావు లీటరు నీళ్ళు, అంతకు మించి గుటక వెయ్యకూడదు. బావకి షుగరు, ఉన్న ఒక్క కూతురూ అప్పుడే పురుడు పోసుకుని చంటిబిడ్డతో ఉంది. అమ్మా నాన్నలకి మేమిద్దరమే, నా రక్తం గ్రూపు అక్కదే. నేనిస్తాను అన్నాను. నా జన్మలో బేరమాడకుండా ఒప్పుకున్న పని అదొక్కటే, పెళ్ళితో సహా.

విశాఖలో పెద్ద డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, కిడ్నీ బాగుంది గాని దాని చుట్టూ ఉన్న మనిషి బాగాలేడన్నారు. తొంభై నాలుగు కిలోలున్నాను. ఎనభై నాలుగుకి దిగితేనే బల్ల ఎక్కిస్తానన్నారు, తరవాత మిగిలిన ఒక్క కిడ్నీతో నేను జీవితాంతం బతకాలి గనక. గడువు మూడు నెలలు. అక్క గుండె నీరు పట్టి బలహీనపడుతోంది, ఇంకా ఆలస్యమైతే కిడ్నీ చేతిలో ఉన్నా ఆపరేషనుని ఆవిడ తట్టుకోలేదని, ఈ మాట అక్కని బయట కూర్చోబెట్టి నాతోనూ బావతోనూ చెప్పారు. ఎనభై ఎనిమిదికి ఒప్పుకోండి డాక్టరు గారూ అన్నాను, అలవాటు కొద్దీ. ఆయన నవ్వలేదు. బావ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఏం తినాలో రాసివ్వడానికి అక్కడ ఒక అమ్మాయి ఉండేది, మా అమ్మాయి కంటే చిన్నది. రెండిడ్లీలు, చిన్న గిన్నెడు అన్నం, బోలెడు కూర, మజ్జిగ, సాయంత్రం గుప్పెడు శనగలు. నేను ఇడ్లీలు మూడు చేసి అన్నం తగ్గిద్దామన్నాను, శనగలు వేయించుకుంటే పర్వాలేదా అన్నాను, ఆదివారాలకి వేరే చీటీ ఉంటుందా అన్నాను. “సార్, ఇది కూరగాయల బండి కాదండి” అంది ఆ పిల్ల. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆకలంటే నాకు అప్పటిదాకా తెలియదని ఆ మొదటి పది రోజుల్లో తెలిసింది. మనకి తెలిసిన ఆకలి అన్నం వేళకి వచ్చి, పెడితే తిని, పోయే చుట్టం. ఇది వేరే రకం. తిన్న గంటకి వస్తుంది, తలుపు దగ్గరే నిలబడుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది, పులసల కాలమని గుర్తు చేస్తుంది. పక్క కొట్టాయన డబ్బా మూత తీస్తే అందులో గుత్తివంకాయ ఉందో, ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉందో నాకు ఇక్కడ కూర్చునే తెలిసిపోయేది. భోజనాలకి పిలిస్తే మరీ నరకం. మన గోదావరి వాళ్ళ సంగతి తెలిసిందేగా, ఒద్దని చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే పోసేస్తారు, మొహమాటపడుతున్నారండి అంటూ. ఆపరేషను సంగతి బయట చెప్పలేదు గనక, ఈయన పిసినారితనం ఆఖరికి తిండి దాకా వచ్చిందని కూడా అనుకున్నారు.

మా ఆవిడ మాత్రం ఆ కాగితాన్ని వంటింటి గోడకి అంటించి, దేవుడి పటానికిచ్చినంత మర్యాద దానికిచ్చింది. స్టీలు గిన్నెతో అన్నం కొలిచి పెట్టేది. తాలింపుకి నూనె చెంచాతో వేసేది. నా ముందు తినలేక తనూ అదే తినేది, దాంతో ఆవిడే నెలకి నాలుగు కిలోలు తగ్గింది. నేను తగ్గింది ఒకటిన్నర.

రెండో నెలలో ఆ తగ్గిన దాంట్లోంచి అరకిలో మళ్ళీ ఎక్కింది. డాక్టరు గారు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి తలుపు వేశారు. చాలా మెత్తగా మాట్లాడారు, అదే భయమేసింది. “చూడండి, ఇవ్వడం ఇష్టం లేకపోవడం తప్పు కాదండి. చాలామంది నోటితో చెప్పలేక ఇలా ఉండిపోతారు. మీకు ఇబ్బందిగా ఉంటే మీ వాళ్ళతో నేను చెప్తాను, మీ శరీరం పనికిరాదని. మీరు చెప్పారని ఎవరికీ తెలియదు” అన్నారు.

అయ్యా, ఇక్కడ ఒక నిజం చెప్పాలి, ఇన్నేళ్ళలో మా ఆవిడకి కూడా చెప్పనిది. ఆ మాట ఆయన నా ముందు పెట్టగానే నా మనసు దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసింది. ఒక్క క్షణమే. వర్తకుడి మనసు, ఏది ముందు పెట్టినా ఎత్తి చూడకుండా ఉండదు. తరవాత కింద పెట్టేశాను, ఇస్తానండి, ఇంకొంచెం గడువివ్వండి అన్నాను. ఆరు వారాలు ఇచ్చారు, అక్క గుండె అంతకు మించి ఆగదన్నారు. కానీ బయటికొచ్చి అక్క మొహంలోకి చూడలేకపోయాను, ఆవిడ అది చూసింది.

రెండు రోజుల తరవాత తుని నుంచి అక్క ఫోను చేసింది. మామూలుగా నీరసంగా ఉండే గొంతు ఆ రోజు గట్టిగా ఉంది. ఇష్టం లేకపోతే చెప్పరా, నేనేమీ అనుకోను అని మొదలెట్టి, అంతటితో ఆగకుండా, నువ్వు తగ్గట్లేదంటే ఎవరో తగ్గనివ్వట్లేదన్నమాట, ఏ పెళ్ళాం మాత్రం మొగుణ్ణి కోయించుకోనిస్తుంది, నీకు తెలియకుండా పప్పులో నెయ్యి పోస్తోందేమో చూసుకో అంది. నా ఫోను మాటలు పక్క గదిలోకి కూడా వినిపిస్తాయి. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ బయటికొచ్చి నా చేతిలో ఫోను తీసుకుని ఒకటే మాట అంది. “మీరు వచ్చి మా ఇంట్లో ఉండండి వదినగారూ. పొయ్యి పక్కనే కుర్చీ వేస్తాను.”

అక్క నిజంగానే వచ్చింది. డయాలసిస్ రాజమండ్రికి మార్పించుకుని, ఒక సూట్‌కేసు, మందుల సంచి, గీతలు గీసిన ముప్పావు లీటరు సీసాతో దిగింది. నాలుగు రోజులు పొయ్యి పక్కన కూర్చుంది. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో పిల్లి కూడా నెమ్మదిగా నడిచింది. మా ఆవిడ కావాలనే గిన్నె నింపి, దాని మీద అట్లకాడతో గీసి చదును చేసి చూపించి మరీ నా కంచంలో బోర్లించేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. నేను తినే ప్రతి ముద్దనీ ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్క నుంచి చూస్తుంటే, అన్నం గొంతు దిగడమే కష్టమయ్యేది. నాలుగో రోజు రాత్రి అక్క అంది, ఇంత తింటే కోడిపిల్ల కూడా ఒళ్ళు చెయ్యదు, ఇంట్లో తప్పు లేదు అని. అన్నది నాతో గానీ మా ఆవిడతో కాదు.

మర్నాడు కొట్టుకి వస్తానంది. నా వెనక గోతాల మీద దిండు వేసుకుని కూర్చుంది. చిన్నప్పుడు కూర్చున్న చోటే. ఆ రోజు కొట్టు బాగా నడిచింది. అనకాపల్లి నుంచి బెల్లం దిగింది, మోరి నుంచి జీడిపప్పు వచ్చింది, మధ్యాహ్నం కందిపప్పు గోతాలు, నాలుగింటికి ఆత్రేయపురం పూతరేకులావిడ వచ్చింది. మా దగ్గర నెయ్యీ బెల్లం పొడీ తీసుకెళ్ళి రేకులు చుట్టి, పొడి నలిగిందో లేదో చెప్పమని మొదటి వాయిలోవి తెచ్చి నాకు రుచి చూపించడం ఆవిడకి ఇరవై ఏళ్ళ అలవాటు. ఆకలి విషయంలో ఆ రోజు నేను చాలా గట్టిగా ఉన్నాను, అక్క చూస్తోంది కదా అని డబ్బాలో తెచ్చుకున్న శనగలు కూడా సగం వదిలేశాను.

కొట్టు కట్టేసే ముందు అక్క నెమ్మదిగా లేచి వచ్చి, ఒక కాగితం పొట్లం కాటా మీద పెట్టింది. ముల్లు పావుకిలో దాటి ఇంకా పక్కకి జరిగింది.

“ఏంటక్కా అది?”

“పొద్దుట్నుంచీ నీ నోట్లోకి పోయింది. నువ్వు ఎంత తీసుకుంటే అంత నేనూ తీసి ఇందులో వేశాను.”

విప్పి చూస్తే బెల్లం ముక్కలు, జీడిపప్పు, కందిపప్పు, అడుగున నలిగిన రెండు పూతరేకులు. నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. “అది మచ్చు కదక్కా, తిండి కాదుగా” అన్నాను, నిజంగానే ఆశ్చర్యపోయి.

అక్క సంచిలోంచి తన నీళ్ళ సీసా తీసింది. “మాత్ర మింగడానికి నేను గుక్కెడు నీళ్ళు తాగుతాను. అది మందులోకి వస్తుందా, నీళ్ళలోకి వస్తుందా? నువ్వే చెప్పు” అంది. సీసా ఎత్తి చూపించింది, అడుగున రెండు వేళ్ళ మందం మిగిలింది. ఇక పడుకునేదాకా ఆవిడకి ఉన్నది అంతే.

మా కొట్టు పుట్టిన తరవాత మచ్చు తూకంలోకి రావడం అదే మొదలు. నాకు తెలియక తిన్నానా, తెలిసీ నాన్నగారి మాట చాటున దాక్కుని తిన్నానా అని ఆ రాత్రి నన్ను నేను చాలా ప్రశ్నలడిగాను. డాక్టరు గారి గదిలో ఒక్క క్షణం బరువు చూసిన చేతికి, బెల్లం మూల విరిచే చేతికి ఏదైనా చుట్టరికం ఉందేమోనని. సమాధానం ఈనాటికీ నాకు తెలియదు. అక్క ఆ ప్రశ్న వెయ్యలేదు. వేసి ఉంటే ఏం చెప్పేవాణ్ణో అని ఇప్పటికీ భయమే.

ఇంటికి వెళ్ళగానే అక్క తిన్నగా వంటింట్లోకి పోయి, మా ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని, నా నోరు మంచిది కాదు అమ్మాయ్ అంది. మా ఆవిడ తల ఎత్తకుండానే, “ఎండిపోయిన నోరు కదండీ వదినగారూ, ఏ మాటైనా గరుగ్గానే వస్తుంది” అంది. కాసేపటికి వంటింట్లోంచి ముక్కు చీదుకునే చప్పుడు వినిపించింది, ఒకరిదో ఇద్దరిదో నేను వెళ్ళి చూడలేదు.

ఇంక ఐదు వారాలే మిగిలాయి. మచ్చు మానేద్దామంటే కొట్టు నడవదు, రుచి చూడకుండా సరుకు దింపుకుంటే మునగడమే. అక్క చూద్దామంటే బెల్లం, పప్పులు ఆవిడకి విషంతో సమానం. చివరికి ఆవిడే ఉపాయం చెప్పింది, తను దాహాన్ని ఎలా మోసం చేస్తుందో అదే. మరీ ఎండిపోతే నోట్లో నీళ్ళు పోసుకుని, నాలుగు పక్కలా తిప్పి, మింగకుండా ఉమ్మేస్తుంది. అలా మా ఇద్దరి మధ్యా ఒక సత్తు గిన్నె వెలిసింది. నేను బెల్లం చప్పరించి అందులో ఉమ్మేవాణ్ణి, ఆవిడ నీళ్ళు పుక్కిలించి అందులోనే ఉమ్మేది. వయసు మళ్ళిన అక్కాతమ్ముళ్ళు రోడ్డు మీదికి కనపడేలా కూర్చుని గిన్నెలో ఉమ్ముకోవడం చూసి బేరానికి వచ్చినవాళ్ళు రెండడుగులు వెనక్కి వేసేవారు.

పూతరేకులావిడ మాత్రం నొచ్చుకుంది. “ఏంటండి బాబూ, ఇరవై ఏళ్ళ నుంచి తింటున్నారు, ఇవాళ ఉమ్మేశారు? చేదెక్కిందాండి?” అని కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంది. అక్క ఆవిణ్ణి కూర్చోబెట్టి సంగతంతా చెప్పేసింది. ఆ తరవాతి వారం ఆవిడ ఒక పొట్లం తెచ్చింది, విప్పితే నెయ్యీ లేదు, బెల్లమూ లేదు, వట్టి రేకులు, వెలుతురుకి పట్టుకుంటే అవతల మనిషి కనిపిస్తాడు. “ఇందులో గాలి తప్ప ఏమీ లేదండి, నోరూరినప్పుడు ఒకటి వేసుకోండి” అంది. ఆ రోజుల్లో నేను తిన్న వాటిలో ఇంతవరకూ నాలిక మరిచిపోనిది ఆ ఏమీ లేని రేకే.

ఉమ్మడంతో నోరు ఆగింది గానీ ఆకలి ఆగలేదు, ఇప్పుడు అది నిజంగా మొదలయింది. నాలుగింటికి చేతులు వణికేవి. విసుగు, కోపం, కొనడానికి వచ్చినవాళ్ళ మీద అరుపులు. అప్పుడు అక్క నాకు మా కొట్టు పాఠమే తిప్పి చెప్పింది. సరుకు లేనప్పుడు గుమ్మంలోకి వచ్చినవాణ్ణి లేదు పొమ్మని నాన్న ఎప్పుడైనా అన్నారా? ఒక్క పావుగంట కూర్చోండి, బండి వచ్చేస్తోంది అనేవారు. ఆకలికి కూడా లేదని చెప్పకురా, మొండికేస్తుంది, పావుగంట ఆగమను. తను దాహానికి చెప్పేది అదేనట. పావుగంట అయ్యాక మళ్ళీ పావుగంట. ఆకలితో నేను ఆడిన బేరాలన్నిట్లో నిలబడింది అదొక్కటే. గోడగడియారం కింద ఇద్దరం మాట్లాడకుండా కూర్చునేవాళ్ళం, నేను ఆకలికీ, ఆవిడ దాహానికీ వాయిదా చెప్పుకుంటూ. మధ్యలో ఎప్పుడైనా ఆవిడ ఆయాసంతో ముందుకి ఒరిగి గోతాం అంచు పట్టుకునేది. ఆ వేళ్ళు చూస్తే నా కడుపు దానంతటదే నోరు మూసుకునేది.

మూడో వారానికి ఎనభై ఎనిమిదిన్నర. నాలుగో వారంలో అక్కకి ఊపిరాడక రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు, ఆ రెండు రోజులూ నేను ఎవరూ చెప్పకుండానే ఏమీ తినలేదు, మా ఆవిడ తిట్టి మజ్జిగ తాగించింది. చివరి వారం ఎనభై ఐదు దగ్గర ముల్లు మొండికేసింది. పొద్దునా సాయంత్రం గట్టు మీద నడిచాను, నడిచి నడిచి కాళ్ళు బొబ్బలెక్కాయి.

విశాఖ వెళ్ళిన రోజు, తూకం వేసే గదిలోకి అక్క కూడా వస్తానని చక్రాల కుర్చీలో వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ కాటాల మధ్య బతికినవాణ్ణి, కాటాని ఎన్ని రకాలుగా ఒప్పించవచ్చో తెలిసినవాణ్ణి, ఆ రోజు మాత్రం దాని మీదికి కాలు పెట్టడానికి దేవుణ్ణి తలుచుకున్నాను. చెప్పులు, గడియారం, ఉంగరం, వెండి మొలతాడు, అన్నీ తీసి మా ఆవిడ చేతిలో పెట్టాను. ఎక్కాను. అంకెలు పరిగెత్తి పరిగెత్తి ఎనభై నాలుగు పాయింటు రెండు దగ్గర ఆగాయి. నర్సు రాయబోతుంటే, కొంచెం ఆగమ్మా అని దిగాను. ఖాళీ కాటా మీద అంకె సున్నా కాదు, పాయింటు నాలుగు. నాన్నగారు నేర్పిన మొదటి జాగ్రత్త, ఎవరి కాటా అయినా ముందు ఖాళీగా చూడమని. చెదిరిన కాటాని సున్నాకి తెచ్చి మళ్ళీ ఎక్కించారు. ఎనభై మూడు పాయింటు ఎనిమిది. అక్క కుర్చీలో తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

ఆపరేషనయిన మూడో రోజు నన్ను నెమ్మదిగా నడిపించి ఆవిడ గది అద్దం దగ్గర నిలబెట్టారు. నర్సు గ్లాసు నిండా నీళ్ళు పోసి ఇచ్చింది. అక్క అలవాటుగా గ్లాసు ఎత్తి కొలత చూసుకుంది. నర్సు ఏదో చెప్పింది, అద్దం అవతల వినపడలేదు, ఎంత కావాలంటే అంత తాగండి అని అయి ఉంటుంది. అక్క తాగింది. గడ్డం మీదనుంచి కారుతున్నా తుడుచుకోకుండా తాగింది. గ్లాసు కింద పెట్టి, ఇంకోటి పొయ్యమని వేలు చూపించింది. కుట్లు లాగుతున్నా నేను అక్కడే నిలబడ్డాను, ఆ నీళ్ళన్నీ నా గొంతులోంచే దిగుతున్నట్టు.

తరవాత సంవత్సరాలు మామూలుగానే గడిచాయి. కొట్టు పక్కనున్న వాళ్ళకి అద్దెకిచ్చేశాను. ఒళ్ళు ఏ దారిన పోయిందో ఆ దారినే తిరిగొచ్చింది, వస్తూ వస్తూ ఇంకో మూడు కిలోలు కొసరు కూడా తెచ్చింది. మోకాళ్ళ నొప్పులకి చూపించుకుంటే ఈ ఊళ్ళో డాక్టరు కూడా బరువు తగ్గమన్నాడు. నాలుగు నెలలుగా ప్రయత్నిస్తున్నాను, అన్నీ తెలుసు గనక అన్నీ చేస్తున్నాను, పావుగంట ఆగమంటున్నాను, ఐదు నిమిషాలకే తలుపు తీస్తున్నాను. అప్పుడు బేరానికి అవతల పక్కన ఒక మనిషి ఉండేది. ఇప్పుడు కొనేవాణ్ణీ నేనే, అమ్మేవాణ్ణీ నేనే, ఇలాంటి బేరంలో ఎవరు గట్టిగా నిలబడతారు చెప్పండి.

కిందటి నెల తుని వెళ్ళాను. అక్కకి అరవై ఏడు, కిడ్నీ ఇంకా బాగానే పనిచేస్తోంది, అలిసిపోయిందని డాక్టర్లు అంటున్నారు గానీ అది మా వంశంలో అందరి గురించీ అనే మాటే. పనసపొట్టు కూర చేసింది. ఒక గరిటె వేసింది, రెండో గరిటె ఎత్తింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, ఒద్దక్కా, తగ్గుతున్నాను అన్నాను. ఆ చేతిని పక్కకి తోసేసి వేసేసింది.

“తినరా” అంది. “ఇప్పుడు నీ ఒంట్లోంచి ఎవరికి ఏమివ్వాలని?”

ఆవిడ నవ్వుతూనే అంది, నేనూ నవ్వుతూనే తిన్నాను. కూర చాలా బాగుంది. కానీ ముద్ద కలుపుతూ అనుకున్నాను, నేను తినే ప్రతి మెతుకునీ ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు ఉన్న అప్పటి ఆ మూడున్నర నెలల్లో నా ఆకలికి ఉన్న విలువ, కడుపు నిండిన ఈ పదహారేళ్ళలో ఒక్క రోజు కూడా లేదు కదా అని.